దేవునింట్లో రికార్డరు

అక్క చనిపోయిన మూడో రోజు కూడికలో పాస్టరుగారు ఆమెను సాత్వికురాలు అన్నారు. దేవనకొండలో మా ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నవాళ్లంతా తలలూపారు. మా అమ్మ హనుమక్క మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకుంటోందని అందరూ అనుకున్నారు. అంత దుఃఖంలోనూ ఆమె ఆపుకుంటున్నది నవ్వని నాకు తెలుసు.

రూతక్క సాత్వికురాలు కాదు. నలుగురూ సర్దుకుపొమ్మన్న చోట సర్దుకుపోయిన మనిషి కాదు. పోయినవాళ్ల గురించి మంచి మాటలే చెప్పాలంటారు. నేను చెప్పబోయేవి అవే.

మా నాయన యేసేపు, అమ్మ ఇద్దరూ కూలి పనులకు పోయేవాళ్లు. అక్క ఆదోనిలో ఐటీఐ చదివింది. ఆ తరగతిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. చదువయ్యాక టీవీలు బాగుచేసే కొట్లో ఎనిమిదేళ్లు పనిచేసింది. టీవీలు బాగుచేయించుకునే కాలం పోయి, పాడైతే పారేసే కాలం వచ్చాక, నిఘా కెమెరాలు బిగించే పని నేర్చుకుంది. మడత నిచ్చెన ఒకటి కొనుక్కుంది. దాన్ని స్కూటీకి అడ్డంగా కట్టుకుని ఆమె వస్తుంటే ఆదోని బజార్లో జనం పక్కకు తప్పుకునేవాళ్లు. "కెమెరాలు పెట్టేదానికి ఆడమనిషి వచ్చిందేందప్పా?" అని ఎవరైనా అంటే, "ఏం, మీ కెమెరాకు మీసాలుండాయా?" అని అడిగేది. పెళ్లి గురించి అడిగినవాళ్లకు, నిచ్చెన మోసేవాడు ఇంకా దొరకలేదని చెప్పేది.

పనిలో ఆమెకు రెండు పట్టుదలలు. పని ముగించి వచ్చేముందు ఇంటి యజమానిని ప్రతి కెమెరా ముందూ నడిపించి, అతని నడక అతనికే చూపించేది. "ముందు మీరు కనపడల్ల. ఆ తర్వాతే దొంగ" అనేది. రెండోది గడియారం. రికార్డరులోని టైమును తన ఫోన్లోని టైముతో సెకన్లతో సహా కలపనిదే పెట్టె మూత బిగించేది కాదు. ఒక్కచోట మాత్రం ఆ రెండో పని ఆమె చేతుల్లో లేకుండా పోయింది.

మూడేళ్ల కిందట మే నెలలో ఆదోనిలో శనగలు, పత్తి వ్యాపారం చేసే రామకృష్ణయ్యగారు ఆమెను పిలిపించారు. ముందు ఇల్లు, వెనక పెద్ద గోడౌను. ఎనిమిది కెమెరాలు, వాటన్నిటి బొమ్మలనూ దాచిపెట్టే రికార్డరు ఒకటి. నేను ఎమ్మిగనూరులో తెలుగు పంతులును. సెలవులు కాబట్టి నిచ్చెన పట్టుకోవడానికి అక్కతో పోయాను.

"రికార్డరు యాడ పెట్టల్ల సావుకారూ?" అని అక్క అడిగింది. "దొంగోడు కెమెరాలు సూస్తే ఫస్టు ఈ డబ్బా కోసమే ఎతుకుతాడు. కనపడని చోట ఉండల్ల."

"దేవునింట్లో పెట్టు" అన్నాడు రామకృష్ణయ్య. ఆ ఇంట్లో విలువైనవన్నీ దేవునింట్లోనే ఉండేవి. ఇనప్పెట్టె అక్కడే, భూముల కాగితాలు అక్కడే. "దొంగోడు గూడా సెప్పులిప్పి రావల్సిన సోటు అది" అని తన మాటకు తానే నవ్వాడు.

పురోహితుడు పదీ ఇరవైకి ముహూర్తం పెట్టాడు. ఇంకా వైర్లు తగిలించని రికార్డరుకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, సరిగ్గా పదీ ఇరవైకి టెంకాయ కొట్టారు. "రికార్డింగు ఈ టైముకే మొదలు కావల్ల" అని కొడుకు రాఘవ్‌కు చెప్పి, రామకృష్ణయ్య మార్కెట్ యార్డుకు వెళ్లిపోయాడు. అయితే ఆ ఇంటి గోడలు రెండడుగుల మందం రాతి గోడలు. వాటికి బెజ్జాలు వేసి ఎనిమిది వైర్లు దేవునింటి గడప దాకా లాగేసరికి రెండు డ్రిల్లు బిట్లు విరిగాయి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది.

వైర్ల కట్ట పట్టుకుని అక్క గడప దాటబోయింది. రామకృష్ణయ్య భార్య అలివేలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పాపా, ఆడ్నే ఆగు. వైర్లు ఇట్లియ్యి, రాఘవ్ తగిలిస్తాడు."

"ఏంటికమ్మా? నేను తగిలిస్తా గదా."

"ఏంటికని అడుగుతావేంది? దేవునిల్లు గదా."

అంతకుమించి ఆమె ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు. అక్క వైర్ల కట్ట వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది. తర్వాత ఆ కట్ట రాఘవ్ చేతికిచ్చింది. ఆ రోజు ఇచ్చేసింది. అది కూడా రాయాలి.

గడప బయట నిలబడి ఒక్కొక్కటే చెప్పింది. ఏ వైరు ఏ రంధ్రంలో పెట్టాలో, పాస్‌వర్డు ఏమి కొట్టాలో, ఏ గది కెమెరాకు ఏ పేరు పెట్టాలో. రాఘవ్ బీకాం చదివినవాడు, చురుకైనవాడు, తప్పు లేకుండా చేశాడు. చివరికి గడియారం దగ్గరికి వచ్చింది. అప్పుడు ఒంటిగంటా ముప్పై ఐదు.

"అమ్మా, రాహుకాలం వచ్చేసింది" అన్నాడు రాఘవ్. "నాయన రెండుకు అన్నానికొస్తాడు. ముహూర్తానికి మొదలుపెట్టలేదంటే ఇల్లు పీకి పందిరేస్తాడు."

"ఇప్పుడెట్ల మరి?"

"మిషన్లో టైము మన చేతిలోదే గదా. పదీ ఇరవై అని పెడతా. ఫస్టు రికార్డింగు ముహూర్తానికే ఉన్నట్టు కనపడతాది."

"అది సెయ్యొద్దు రాఘవ్" అని అక్క గడప బయటినుంచే అరిచినంత పని చేసింది. "గడియారం తప్పైతే అది సూపించేదంతా తప్పే."

"వాళ్ల నాయనకు జవాబు సెప్పేది నువ్వా?" అంది అలివేలమ్మ. "నాలుగు దినాలు పోయినాక సరి సేసుకుంటాంలే."

మౌసు అక్కకు ఆరడుగుల దూరంలో ఉంది. రాఘవ్ మీట నొక్కాడు. ఆ విధంగా ఒంటిగంటా ముప్పై ఐదు కాస్తా పదీ ఇరవై అయిపోయింది. మూడుంపావు గంటలు వెనక్కి.

తిరిగి వచ్చి అక్క బండి దిగాక అంది, "తప్పు వాళ్లది గాదు రా ప్రకాషా. నా పని ఇంకొకరి చేతికిచ్చినా."

పదకొండు రోజులు గడిచాక, ఒక సోమవారం సాయంత్రం తిరుపాల్ ఆదోనిలో అక్క ఇంటికి వచ్చాడు. సెలవులు కాబట్టి నేనింకా అక్కడే ఉన్నాను. తిరుపాల్ రామకృష్ణయ్య గోడౌన్లో ఇరవై రెండేళ్లుగా మూటలు మోసే హమాలీ. మాకు దూరపు పరిచయం. వాకిట్లో కూర్చున్నాడే గానీ, అక్క ఇచ్చిన నీళ్లు తాగలేదు.

"నువ్వు పెట్టిన మిషనే నన్ను దొంగను జేసింది రూతక్కా."

జరిగింది ఇది. అంతకు ముందు శనివారం రాఘవ్ రికార్డరుకు ఇంటర్నెట్ కలిపి, బొమ్మలు తండ్రి ఫోన్లో కనపడేటట్టు చేశాడు. రామకృష్ణయ్యకు అది కొత్త ఆట. ఆదివారమంతా పాత రికార్డింగులు తిరగేస్తూ కూర్చున్నాడు. అంతకు ముందు సోమవారం నాటి దాంట్లో తిరుపాల్ గోడౌన్లోంచి ఆరు శనగల మూటలు మోసి ఆటోలో వేయడం కనపడింది. పైన టైము ఉదయం ఆరూ ఇరవై ఐదు. గోడౌను తెరిచేది ఎనిమిదికి. తెల్లారి, అంటే ఈ సోమవారం పొద్దున, యార్డులో హమాలీలందరి ముందూ ఫోను ఎత్తి చూపించి, తిరుపాల్‌ను దొంగ అన్నాడు.

"ఆ వీడియో నీ కాడ ఉందా?" అని అక్క అడిగింది.

హమాలీల ఫోన్లన్నిట్లోకీ అది అప్పటికే పాకిపోయింది. తిరుపాల్ ఫోన్లో అక్క దాన్ని రెండుసార్లు చూసింది. మొదటిసారి టైము చూసింది, రెండోసారి నేల చూసింది.

"నీ నీడ సూడన్నా. నీ ఎత్తు గూడా లేదు. పొద్దున్నే ఆరున్నరకు నీడ ఆటో దాటిపోవల్ల." వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఇది ఆరూ ఇరవై ఐదు గాదు. తొమ్మిదీ నలభై. ఆ పొద్దు తొమ్మిదీ నలభైకి ఏం సేస్తాంటివి?"

"మద్దికెరకు ఆరు మూటలు ఎయ్యమని సావుకారే యార్డు నుంచి ఫోన్ జేసినాడు. ఏసినా. అదే సెప్తే ఇనడే! అవి తొమ్మిదిన్నర దాటినాక నేను పంపిన మూటలు, ఇవి ఆరున్నరకు నువ్వు ఎత్తుకపోయిన మూటలు అంటాడు. దొంగ తాళంసెవి సేయించుకున్నానంట. మూటలు లెక్కబెట్టించు సావుకారూ అంటే, కెమెరా ఉండంగ లెక్క ఏంటికి అన్నాడు."

"ఇప్పుడేమంటాండాడు?"

"గురువారం ఉరుకుందకు పోయి, తడిగుడ్డల్తో ఈరన్నసామి గుళ్లో ప్రమాణం జేయమంటాండాడు. జేస్తే పనిలో ఉండొచ్చంట. జేస్తా. నాకేం భయం? నేను తీసింటే గదా."

"సెయ్యొద్దు" అంది అక్క.

తిరుపాల్ ఆశ్చర్యంగా చూశాడు.

"నువ్వు ప్రమాణం జేస్తే, పాపం ఒట్టేసినాడు, ఒదిలేసినాం అంటారు. తీయలేదని ఎవరూ అనరు. నీ పిల్లలకు గూడా అదే పేరు మిగుల్తాది. తప్పు మిషన్లో ఉంది. మిషన్నే సెప్పనీ."

తిరుపాల్ వెళ్లాక నేను నాకు తోచింది చెప్పాను. రామకృష్ణయ్యతో పెట్టుకుంటే ఆదోని బజార్లో ఇంకే సావుకారూ పనికి పిలవడని. "పిలవకపోతే ఎమ్మిగనూరొస్తా. మీ ఊర్లో దొంగలు లేరా?" అంది. నేను అన్నట్టే జరిగింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆమె ఎమ్మిగనూరులోనే, మా ఇంట్లో ఉండి, చీరల కొట్లకూ బడులకూ కెమెరాలు పెట్టింది. కానీ ఆ సాయంత్రం ఆమె ఆ లెక్క వేసుకోలేదు.

మర్నాడు మంగళవారం. ఎండ తగ్గాక వెళ్లాం. తిరుపాల్‌ను గేటు దగ్గర ఉండమంది. రామకృష్ణయ్య వసారాలో కుర్చీలో ఉన్నాడు. రాఘవ్ గోడకానుకుని నిలబడి ఫోను చూస్తున్నాడు. అక్క నీడ సంగతి చెప్పింది.

"నీడను బట్టి టైము సెప్పేదానికి ఇదేమన్నా మా తాతల కాలమా రూతమ్మా?" అన్నాడు రామకృష్ణయ్య. "ఇప్పుడు సూడు, మిషన్లో టైమూ నా వాచీలో టైమూ ఒకటే ఉండాయి."

"ఇప్పుడు ఒకటే ఉంటాయి. ఇంటర్నెట్ కలిపితే దానంతట అదే సరి సేసుకుంటాది. అంతకు ముందు తప్పుండె." అక్క రాఘవ్ వైపు తిరిగింది. "నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

రాఘవ్ ఫోను మీంచి తల ఎత్తలేదు. తలుపు దగ్గర నిలబడిన అలివేలమ్మ కొడుకును చూసి, నేలను చూసింది.

"సరే" అంది అక్క. "మిషన్నే సూపిస్తా. లోపలికి పోనీండి."

"లోపలికేంటికి? బయట్నుంచి సెప్పు. రాఘవ్ నొక్కుతాడు."

"ఆ పొద్దు అట్లనే జేసినా. అందుకే ఈ గతి పట్టింది."

"పోనీ, డబ్బా ఈడికే తెప్పిస్తా."

"బయటికి తెస్తే, వైర్లు పీకి ఏందో మార్సిందంటారు. అది ఉన్న కాడ్నే, మీ కండ్ల ముందరే సూడల్ల."

"స్నానమన్నా సేసొచ్చినావా పాపా?" అంది అలివేలమ్మ.

"సెప్పులిప్పుతా అమ్మా. మా చర్చిలోకీ అట్లనే పోతా. అంతకు మించి యాడా ఏం సెయ్యను."

చెప్పులు వసారా మెట్ల దగ్గర విడిచి, వాళ్ల మధ్యనుంచే నడిచి గడప దాటింది. ఆపాలంటే ఆమెను ముట్టుకోవాలి. ఎవరూ ముట్టుకోలేదు.

రికార్డరు పటాల కింద, ఇనప్పెట్టె పక్కన ఉంది. దాని మీద పట్టుగుడ్డ కప్పి, గుడ్డ మీద పూలు పెట్టారు. అక్క పూలు జాగ్రత్తగా పళ్లెంలోకి తీసి, గుడ్డ మడిచి పక్కన పెట్టి, పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. "జొరమొచ్చినట్టుంది దీనికి. గాలాడనీరేందమ్మా?" అంటూనే మానిటరు వెలిగించి, పాస్‌వర్డు కొట్టింది. రామకృష్ణయ్య గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఇంటర్నెట్ కలిపిన శనివారం నాటి రికార్డింగు తీసింది. పెరటి కెమెరా. తెరమీద అలివేలమ్మ ఎండలో వడియాల చాప దాటబోతోంది. టైము రెండూ పది. ఆమె కుడికాలు ఎత్తింది. కాలు ఇంకా గాల్లో ఉండగానే టైము ఐదూ ఇరవై ఐదు అయింది. ఆ కాలు చాప అవతల దిగింది.

"మళ్లా ఒకసారి ఎయ్యి" అన్నాడు రామకృష్ణయ్య.

మళ్లీ వేసింది. భార్య ఎత్తిన కాలు దించడానికి మూడుంపావు గంటలు పట్టడం ఆయన మూడుసార్లు చూశాడు. నాలుగోసారి తెర చూడలేదు, కొడుకును చూశాడు.

"ఏందిరా ఇది?"

రాఘవ్ చెప్పాడు. విరిగిన డ్రిల్లు బిట్లు, రాహుకాలం, పదీ ఇరవై. "నువ్వు తిడతావని..." అని ఆగిపోయాడు. రామకృష్ణయ్య తిట్టలేదు. పెదవులు కదిలిస్తూ కూడుకున్నాడు. ఆరూ ఇరవై ఐదు, దాని మీద మూడుంపావు.

"తొమ్మిదీ నలభై" అన్నాడు చివరికి. గొంతు దిగిపోయింది. "మద్దికెర మూటలు."

"ఆ. మీరే పంపమన్న మూటలు" అంది అక్క.

 తర్వాత ఆయన సావుకారు గొంతు మళ్లీ తెచ్చుకున్నాడు. "సరేలే. జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి పనికి రమ్మని తిరుపాల్‌కు సెప్పు. ఇంక లేమ్మా."

అక్క అప్పటిదాకా మోకాళ్ల మీద ఉంది. ఆ మాట విని బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"యార్డులో అందరి ముందర దొంగ అంటిరి. కాదని గూడా ఆడ్నే సెప్పల్ల. మీరు సెప్పొచ్చేదాకా నేను ఈడ్నే ఉంటా."

"ఏం, బెదిరిస్తాండావా?"

"బెదిరించేదేముంది సావుకారూ? కూచున్నా. నిచ్చెన ఎక్కీ దిగీ కాళ్లు నొప్పులు."

"పోలీసులను పిలుస్తా!"

"పిలవండి. వాళ్లు బూట్లేసుకుని వస్తారు మరి, ఇంట్లోకి."

గేటు దగ్గరనుంచి తిరుపాల్ నవ్వు దగ్గులాగా వినిపించింది. రామకృష్ణయ్య భార్య వైపు చూశాడు. ఆమె బయట ఎండ వైపు చూసింది. పొద్దు గోడౌను రేకుల మీదికి వాలింది.

"దీపం పెట్టే యాళైతాంది" అంది ఆమె. ఎవరితో అందో తెలియలేదు. "పోయిరా పో. ఒక్క మాటే గదా."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, స్కూటరు తీశాడు. ఇరవై రెండేళ్లు ఆయన మూటలు మోసిన తిరుపాల్ మొదటిసారి ఆయన వెనక ఎక్కి కూర్చున్నాడు.

వాళ్లు పోయాక రాఘవ్ పెరట్లోకి వెళ్లిపోయాడు. నేను వసారా మెట్ల మీద కూర్చున్నాను. దేవునింట్లో చీకటి పడుతూ వచ్చింది, మానిటరు వెలుతురు అక్క ముఖం మీద నీలంగా ఉంది. నూనె గిన్నె, అగ్గిపెట్టె పట్టుకుని అలివేలమ్మ గడప దగ్గర నిలబడింది. ఒకసారి వీధి వైపు చూసింది. స్కూటరు జాడ లేదు. ఇంకోసారి చూసింది. పక్క వీధి గుళ్లో గంట మోగింది.

"ఇంకెంత సేపు పాపా?"

"నా చేతిలో లేదమ్మా. ఆయన నోట్లో ఉంది."

సంధ్య దాటిపోయి దీపం లేని ఇల్లు కావాలో, అక్క పక్కనుండగానే వెలిగిన దీపం కావాలో ఆమె తేల్చుకోవాలి. చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని గడప దాటింది.

"జరుగు కొంచెం" అంది.

అక్క జరిగింది, లేవలేదు. అలివేలమ్మ కుందిలో నూనె పోసి, వత్తి సరిచేసి, అగ్గిపుల్ల గీసింది. ఇద్దరి మోచేతుల మధ్యా జానెడు దూరం ఉందేమో. దీపం వెలిగాక ఆమె కళ్లు మూసుకుని రోజూ చదువుకునేది పెదవుల్లో చదువుకుంది. అక్క ఆ పట్టుగుడ్డ మడతను దీపానికి దూరంగా జరిపింది.

అప్పుడు అక్క ఫోను మోగింది. తిరుపాల్. అక్క స్పీకరు పెట్టింది. యార్డు గోల, టీ గ్లాసుల చప్పుడు, వాటి మధ్య రామకృష్ణయ్య గొంతు. "... ఆ మూటలు నేనే పంపమన్నా. తిరుపాల్ తీయలేదు. మిషన్లో గడియారం తప్పు. నేను అన్నదీ తప్పే."

"గట్టిగా సెప్పు సావుకారూ!" అని ఎవరో హమాలీ దూరంనుంచి అరిచాడు. "నిన్న దొంగ అన్నప్పుడు గేటు దాకా ఇనపడింది. ఇప్పుడు ముందరోళ్లకే ఇనపళ్లేదు."

నవ్వులు. ఆ నవ్వులు తగ్గేదాకా ఫోన్లో రామకృష్ణయ్య ఊపిరి వినపడింది. తర్వాత ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గొంతు పెంచి, తిరుపాల్ పేరుతో మొదలుపెట్టి, ప్రతి మాటా విడివిడిగా.

అక్క అదంతా చివరి మాట దాకా విన్నది. ఫోను ఆపి జేబులో పెట్టుకుంది. అప్పుడు లేచింది.